చిన్న శాంపిల్, పెద్ద ధీమా

మనస్తత్వ శాస్త్రంలోనూ మెదడు పరిశోధనలోనూ ఒక వాదన ఏళ్ల తరబడి చెల్లుబాటవుతోంది. సెమినార్లలో వినిపిస్తుంది, పీహెచ్‌డీ వైవాల్లో వినిపిస్తుంది, జర్నళ్ల సమీక్షకులకు రాసే జవాబుల్లోనూ కనిపిస్తుంది. "మీ ప్రయోగంలో నలభై మందే ఉన్నారు కదా, సరిపోతారా?" అని ఎవరైనా అడిగితే వచ్చే సమాధానం ఇదీ: "నలభై మందితోనే ఫలితం సిగ్నిఫికెంట్‌గా వచ్చిందండీ. ప్రభావం ఎంత బలంగా ఉంటే అలా వస్తుంది చెప్పండి! అదే నాలుగు వందల మంది అయ్యుంటే ఇంకా గట్టిగా వచ్చేది." అడిగినాయన తల ఊపి కూర్చుంటాడు. మాట అంత సబబుగా తోస్తుంది మరి.

ఆ వాదన తప్పు. కాస్త సవరిస్తే సరిపోయే తప్పు కూడా కాదు, పూర్తిగా తలకిందులైన తప్పు. శాంపిల్ చిన్నదై, కొలతల్లో ఊగిసలాట ఎక్కువగా ఉన్నచోట సిగ్నిఫికెంట్ ఫలితం వచ్చిందంటే, ఆ ఫలితం చెబుతున్న అంకెను మరింత అనుమానించాలి. ఎరిక్ లోకెన్, ఆండ్రూ గెల్మన్ 2017లో సైన్స్ పత్రికలో ఈ భ్రమనే వేలెత్తి చూపించారు. అయినా అది కదలకుండా కూర్చుంది కాబట్టి దాన్ని మొదటినుంచీ విప్పి చూడాలి.

ఒక లెక్క చేద్దాం. రెండు గుంపులు, ఒక్కోదానిలో ఇరవై మంది. ఒక గుంపుకు ఏదో శిక్షణ ఇచ్చారు, రెండో గుంపుకు ఇవ్వలేదు. తర్వాత అందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. మనిషికీ మనిషికీ మధ్య మార్కుల్లో సహజంగా ఉండే తేడా, అంటే ప్రామాణిక విచలనం, పది మార్కులు అనుకుందాం. శిక్షణవల్ల నిజంగా కలిగే లాభం రెండు మార్కులు. మనుషుల ప్రవర్తన మీద చేసే పరిశోధనలో ఇలాంటి చిన్న ప్రభావాలు సర్వసాధారణం. ఇప్పుడు పి విలువ 0.05 కంటే తక్కువ రావాలంటే రెండు గుంపుల సగటుల మధ్య తేడా ఎంతుండాలి? కనీసం 6.4 మార్కులు. నిజమైన తేడా రెండే. ఆ రెండునే ఉన్నదున్నట్టు కొలిచిన పరిశోధకుడికి "సిగ్నిఫికెంట్ కాదు" అని వస్తుంది. మూడు కొలిచినా అంతే, ఐదు కొలిచినా అంతే. నిజానికి మూడు రెట్లకు పైగా పెంచి కొలిచినవాడు మాత్రమే గడప దాటతాడు.

చిన్న శాంపిల్‌లో సిగ్నిఫికెన్స్ అనే గడప చేసే పని ఇది. నిజానికి దగ్గరగా వచ్చిన అంకెలను బయటే ఆపేసి, అదృష్టం కొద్దీ ఉబ్బిన అంకెలను లోపలికి పంపుతుంది. ఇలాంటి ప్రయోగాలు వంద చేస్తే దాటేవి తొమ్మిదో పదో. దాటినవాటిలో కూడా దాదాపు ఇరవైకి ఒకటి దిశ తారుమారై వస్తుంది: శిక్షణ మేలు చేస్తుంటే, అది కీడు చేస్తుందని సిగ్నిఫికెంట్‌గా "రుజువు" అవుతుంది. రెండు మార్కుల తేడాను ఐదింట నాలుగుసార్లు పట్టుకోవాలంటే గుంపుకు దాదాపు 400 మంది కావాలి. ఇరవై ఎక్కడ, నాలుగు వందలు ఎక్కడ!

అందువల్ల "నాలుగు వందల మంది ఉంటే ఇంకా గట్టిగా వచ్చేది" అన్న మాటలో ఒక్క ముక్క కూడా నిలవదు. నాలుగు వందల మంది ఉంటే ఆ 6.4 కరిగి రెండు దగ్గరికి దిగేది. లేదా సున్నా దగ్గరికి.

పి విలువను చూసి "ఇది నిజమయ్యే అవకాశం 95 శాతం" అనుకోవడం దీనికి తోబుట్టువు. అసలు ప్రభావమే లేదనుకుంటే ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంత అన్నదొక్కటే పి విలువ చెబుతుంది. పరికల్పన నిజమా కాదా అన్నదాని మీద అది నోరు మెదపదు. జర్మనీ విశ్వవిద్యాలయాల్లో 2002లో హాలర్, క్రాస్ ఒక ప్రశ్నావళి ఇచ్చి చూస్తే, గణాంక పద్ధతులను పాఠం చెప్పే అధ్యాపకుల్లోనే 80 శాతం మంది కనీసం ఒక్క తప్పు వ్యాఖ్యానానికి సరేనన్నారు. వెయ్యి పరికల్పనలు పరీక్షిస్తున్నాం, వాటిలో వందే నిజం అనుకోండి. మన ప్రయోగాలకు నిజమైన ప్రభావాన్ని పట్టుకునే సామర్థ్యం, గణాంకుల మాటల్లో పవర్, 20 శాతం. నిజమైన వందలో ఇరవై పట్టుబడతాయి. అబద్ధమైన తొమ్మిది వందల్లో ఐదు శాతం చొప్పున నలభై ఐదు పొరపాటున దాటేస్తాయి. సిగ్నిఫికెంట్ అని చేతికొచ్చిన అరవై ఐదులో నలభై ఐదు అబద్ధాలే. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ డేటా దిద్దలేదు. పవర్ తక్కువగా ఉండటం ఒక్కటే చాలింది.

ఆ 20 శాతం నేను తోచినట్టు ఎంచుకున్న అంకె కాదు. 2013లో కేథరిన్ బటన్, ఆమె సహచరులు నాడీశాస్త్రంలోని మెటా విశ్లేషణలను జల్లెడ పట్టి చూస్తే మధ్యగత పవర్ 21 శాతం తేలింది. మానసిక రుగ్మతల్లో మెదడు భాగాల పరిమాణం మారుతుందని చెప్పే అధ్యయనాల్లో అది 8 శాతం. అప్పటికే ఈ సంగతి తెలిసి అర్ధశతాబ్దం దాటింది. జేకబ్ కోహెన్ 1962లోనే ఒక ప్రముఖ మనస్తత్వ శాస్త్ర జర్నల్‌లోని ఏడాది వ్యాసాలను తీసుకుని, మధ్యరకం ప్రభావాలను పట్టుకునే సామర్థ్యం సగటున 48 శాతమేనని చూపించాడు. ఆ వ్యాసాన్ని అందరూ ఉటంకించారు. శాంపిళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయాయి.

ఎందుకిలా? తెలియక అనడానికి వీల్లేదు. 1971లో ఏమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ నేరుగా పరిశోధకులనే ఒక ప్రశ్న అడిగారు. మీరు ఇరవై మందితో ప్రయోగం చేశారు, సిగ్నిఫికెంట్‌గా వచ్చింది, జడ్ విలువ 2.23. ఇప్పుడు మరో పది మందిని తీసుకుంటే ఆ పది మందిలో కూడా, ఒకవైపు పరీక్షలో, సిగ్నిఫికెంట్‌గా వచ్చే అవకాశం ఎంత? జవాబుల మధ్యగతం 85 శాతం. ప్రయోగంలో కనిపించిన ప్రభావమే నిజమని ఒప్పుకున్నా సరైన లెక్క 48 శాతం దగ్గర ఆగుతుంది. జవాబిచ్చినవారిలో గణిత మనస్తత్వ శాస్త్రం పనిగా పెట్టుకున్నవారూ ఉన్నారు. సూత్రం తెలిసినవాళ్లకు కూడా అంతరంగంలో "కొద్దిమంది చాల్లే" అన్న నమ్మకం చెక్కుచెదరకుండా ఉంటుంది. దీనికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కానమన్ జీవితమే. చిన్న శాంపిళ్లను నమ్మొద్దని చెప్పిన ఆయనే, నలభై ఏళ్ల తర్వాత రాసిన తన ప్రసిద్ధ గ్రంథంలో, చిన్న సూచనలు మనకు తెలియకుండానే మన ప్రవర్తనను మారుస్తాయనే ప్రైమింగ్ ప్రయోగాలను తిరుగులేనివన్నట్టు రాశారు. అవి వరసగా వీగిపోయాక, తక్కువ పవర్ ఉన్న అధ్యయనాల మీద అతిగా నమ్మకం పెట్టుకున్నానని 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు నాకు ఆయన నోబెల్ కంటే గొప్పగా కనిపిస్తుంది. కానీ అంతటివాడికే కాలు జారిన చోట, మన సెమినార్ హాళ్లలో "సిగ్నిఫికెంట్‌గా వచ్చిందిగా" అని నిశ్చింతగా ఉండటం ఎలా?

ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. 2010లో డేనా కార్నీ, ఏమీ కడీ, ఆండీ యాప్ ప్రచురించిన "పవర్ పోజ్" అధ్యయనం. పాల్గొన్నవారు మొత్తం 42 మంది. కొందరిని బల్ల మీద కాళ్లు చాపి, చేతులు తల వెనక పెట్టుకుని దర్జాగా కూర్చోమన్నారు. మిగతావారిని చేతులు దగ్గరకు పెట్టుకుని ముడుచుకుని కూర్చోమన్నారు. ఒక్కొక్కరికీ ఇలాంటివి రెండు భంగిమలు, ఒక్కోటి ఒక నిమిషం. ముందూ తర్వాతా లాలాజలం సేకరించి హార్మోన్లు కొలిచారు. దర్జా భంగిమల్లో ఉన్నవారిలో టెస్టోస్టెరాన్ పెరిగింది, కార్టిసాల్ తగ్గింది, జూదంలో తెగువ పెరిగింది అన్నది ఫలితం. 2012లో కడీ ఇచ్చిన టెడ్ ప్రసంగంతో అది లోకమంతా పాకింది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు రెండు నిమిషాలు ఛాతీ విరుచుకుని నిలబడమన్న సలహా మన వ్యక్తిత్వ వికాస తరగతుల దాకా వచ్చేసింది.

2015లో ఎవా రానెహిల్ బృందం 200 మందితో అదే పరీక్ష పెట్టింది. హార్మోన్లలో మార్పు లేదు, తెగువలో మార్పు లేదు. తమకు బలం వచ్చినట్టు అనిపించిందని చెప్పడం మాత్రం మిగిలింది. మరుసటి ఏడాది కార్నీ, తొలి వ్యాసంలో మొదటి పేరు ఆమెదే, ఈ ప్రభావాలు నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. అందులో ఆమె చెప్పిన ఒక వివరం ఈ వాదనకంతటికీ ఆయువుపట్టు. కొంతమందిని పరీక్షించి, ఫలితం చూసి, మళ్లీ కొంతమందిని చేర్చుకుంటూ పోయారట. ఆ రోజుల్లో అది తప్పుగా తోచలేదని, డబ్బు ఆదా చేస్తున్నట్టే అనిపించిందని ఆమె రాశారు. ప్రభావం పెద్దదైతే చాలు, మిగతాదంతా పి విలువ చూసుకుంటుందన్న నమ్మకం దాని వెనక ఉంది. నిజానికి అలా మధ్యలో ఐదుసార్లు తొంగిచూసి, ఎప్పుడు 0.05 లోపు కనిపిస్తే అప్పుడు ఆపేస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా "సిగ్నిఫికెంట్" వచ్చే అవకాశం 5 నుంచి 14 శాతానికి ఎగబాకుతుంది. కడీ తన వైపు వాదన వదులుకోలేదు, బలం వచ్చినట్టు అనిపించడమైనా నిజమేనని ఆమె నిలబడ్డారు. కార్నీ ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. ఆమె చేసినది ఆనాడు ప్రతి ల్యాబ్‌లోనూ మామూలుగా జరిగే పనే, అందుకే దాన్ని ఇంత వివరంగా చెప్పాను.

మెదడు స్కాన్ల విషయంలో ఇదే జబ్బు మరింత ముదిరింది. ఎమ్‌ఆర్‌ఐ యంత్రం మీద గంటకయ్యే ఖర్చు ఎక్కువ కాబట్టి శాంపిల్ ఇరవై, పాతిక దగ్గర ఆగిపోతుంది. మెదడులోని ఒక భాగానికీ ఒక స్వభావ లక్షణానికీ మధ్య సహసంబంధం కోసం పాతిక మందిలో వెతికితే, సిగ్నిఫికెంట్ కావడానికి అది కనీసం 0.4 ఉండాలి. ఎన్నో చోట్ల వెతుకుతూ ప్రమాణాన్ని కఠినం చేస్తే ఇంకా ఎక్కువ ఉండాలి. కాబట్టి జర్నళ్లలో 0.4లు, 0.6లు, 0.8లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అంతకు తక్కువది అచ్చుకే రాదు! 2009లో ఎడ్వర్డ్ వల్ బృందం ఈ నమ్మశక్యం కాని సహసంబంధాలను నిలదీసింది: ముందు ఏ చోట సంబంధం ఎక్కువగా కనిపిస్తుందో వెతికి పట్టుకుని, తర్వాత ఆ చోటునే కొలిచి గొప్పగా చూపిస్తున్నారని. ఆ ఏడాదే క్రెయిగ్ బెనెట్, చచ్చిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించి, సరిచేయని పరీక్షలు దాని మెదడులో కూడా "చురుకుదనం" చూపిస్తాయని నిరూపించాడు. చేప కథ అందరికీ గుర్తుంది. అంతకంటే బరువైనది 2022లో నేచర్‌లో స్కాట్ మారెక్ బృందం చేసిన పని. దాదాపు 50,000 మంది స్కాన్లను తీసుకుని లెక్కిస్తే, మళ్లీ పరీక్షించినా నిలిచిన సహసంబంధాల్లో అతి పెద్దది 0.16. ఈ రంగంలో ఒక అధ్యయనంలో ఉండే మనుషుల మధ్యగత సంఖ్య దాదాపు పాతిక. పాతిక మందితో 0.16ను ఉన్నదున్నట్టు కొలిచి సిగ్నిఫికెంట్ అనిపించుకోవడం అసాధ్యం. రెండున్నర రెట్లు ఉబ్బితే తప్ప అది గడప దాటలేదు.

నాకు ఎదురయ్యే అభ్యంతరాల్లో ఒకటి గట్టిదే. ఎబింగ్‌హాస్ జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలన్నీ తనమీదే చేసుకున్నాడు కదా, దృష్టి మీద, వినికిడి మీద పరిశోధనలు నలుగురైదుగురితోనే సాగుతాయి కదా అంటారు. నిజమే, ఆ ఫలితాలు నేటికీ నిలిచి ఉన్నాయి. నిలవడానికి కారణం మనుషులు తక్కువ కావడం కాదు, ఒక్కో మనిషి దగ్గర వందలు, వేలసార్లు కొలవడం. కొలత నిక్కచ్చిగా ఉంటే, ప్రభావం ప్రతి మనిషిలోనూ కంటికి కనిపించేంత పెద్దదైతే, నలుగురు చాలు. మొత్తం లెక్క ఊగిసలాటకూ ప్రభావానికీ మధ్య నిష్పత్తిలో ఉంది. ఒక్కొక్కరినీ ఒక్కసారి, అదీ ఒక్క ప్రశ్నావళితో కొలిచి, మనిషికీ మనిషికీ ఉన్న తేడాల గురించి మాట్లాడేవారు ఎబింగ్‌హాస్ పేరు చెప్పుకోవడానికి లేదు.

మళ్లీ చేసినప్పుడు ఫలితం రాకపోతే "ఊరు వేరు, మనుషులు వేరు, సందర్భం వేరు" అనేది ఇంకో సాకు. 2018లో వెలువడిన మెనీ ల్యాబ్స్ రెండో ప్రాజెక్టు 28 ప్రభావాలను 36 దేశాలు, ప్రాంతాల్లో 15,000 మందికి పైగా మనుషులతో పరీక్షించింది. సగం దాకా నిలిచాయి, సగం నిలవలేదు. నిలిచినవి దాదాపు అన్నిచోట్లా నిలిచాయి, పోయినవి అన్నిచోట్లా పోయాయి. సంకల్పబలం వాడేకొద్దీ అరిగిపోతుందన్న సిద్ధాంతాన్ని 2016లో 23 ల్యాబ్‌లు, 2,141 మందితో పరీక్షిస్తే ప్రామాణిక విచలనంలో 0.04 వంతు ప్రభావం కనిపించింది, అంటే లేనట్టే. ఊరి తేడాతో దీన్ని పూడ్చలేం.

మరికొందరు ఇంకో కొసకు వెళ్లి పి విలువనే నిషేధించమంటారు. 2015లో ఒక సామాజిక మనస్తత్వ జర్నల్ ఆ పనే చేసింది. నేను ఒప్పుకోను. పి విలువను తీసేసినా పాతిక మంది పాతిక మందే. ఊగిసలాట అలాగే ఉంటుంది, ఉబ్బిన అంకె అలాగే ఉంటుంది, పైగా దాన్ని ఆపే చిన్న అడ్డు కూడా పోతుంది.

అసలు 0.05కు ప్రచారం తెచ్చిన రోనాల్డ్ ఫిషరే ఒక్క ప్రయోగంలో ఆ గీత దాటితే చాలని ఎన్నడూ అనలేదు. సరిగ్గా రూపొందించిన ప్రయోగం, చేసిన దాదాపు ప్రతిసారీ ఆ స్థాయి ఫలితం ఇస్తేనే విషయం స్థిరపడినట్టని 1926లోనే రాశాడు. 1938లో కలకత్తాలో జరిగిన తొలి భారత గణాంక మహాసభలో మాట్లాడుతూ, ప్రయోగం అయిపోయాక గణాంకుణ్ని పిలవడమంటే శవపరీక్ష చేయించుకోవడమేనని, ప్రయోగం దేనివల్ల చచ్చిందో మాత్రమే అతను చెప్పగలడని హెచ్చరించాడు. ఆ కలకత్తాలోనే ఆ సంవత్సరాల్లో గణాంకవేత్త మహలనోబిస్ బెంగాల్ జనపనార సర్వేలు చేస్తున్నాడు. ముందు చిన్న పైలట్ సర్వే చేసి, పొలానికీ పొలానికీ తేడా ఎంతుందో కొలిచి, ఎంత ఖర్చుకు ఎంత కచ్చితత్వం వస్తుందో తేల్చి, ఆ తర్వాతే పెద్ద సర్వేకు దిగేవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి మహలనోబిస్ దగ్గరికి చేరిన సి.ఆర్. రావు, కేంబ్రిడ్జిలో ఫిషర్ పర్యవేక్షణలో పీహెచ్‌డీ చేశాడు. "ఎంతమంది కావాలో ముందు లెక్కగట్టు" అన్న క్రమశిక్షణ మనకు విదేశాల నుంచి కొత్తగా అరువు తెచ్చుకోవాల్సినది కాదు. ఎనభై ఏళ్ల కిందట జనపనార పొలాలకు పాటించిన జాగ్రత్తను మనుషుల మనసుల మీద చేసే పరిశోధనలో పాటించకపోవడాన్ని నేను క్షమించలేను.

డబ్బు లేదంటారు, నిజమే. ఒక్క పరిశోధక విద్యార్థి ఎనిమిది వందల మందిని తేలేడు. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పది మనస్తత్వ శాస్త్ర విభాగాలు ఒకే ప్రశ్నను, ఒకే తెలుగు ప్రశ్నావళితో, ఒకే పద్ధతిలో, తలా ఎనభై మందిని తీసుకుని చేస్తే ఎనిమిది వందలు అవుతాయి. ఇప్పుడు ఆ పది చోట్లా పది వేర్వేరు అంశాల మీద, ఎనభై మంది చొప్పున, ఎస్‌పీఎస్‌ఎస్ పట్టికలో నక్షత్రం గుర్తు పడేదాకా విశ్లేషణ సాగుతుంది. ఖర్చు అంతే, కష్టం అంతే.

ఆ నక్షత్రం కోసం ఆరాటానికి విద్యార్థిని నిందించి లాభం లేదు. అది లేకపోతే వ్యాసం అచ్చవదు, గైడ్ మొహం మారుతుంది. ఏం పరీక్షిస్తామో, ఎంతమందితో పరీక్షిస్తామో ముందే జర్నల్‌కు సమర్పించి, ఫలితం ఏదైనా ప్రచురిస్తామన్న హామీ తీసుకునే రిజిస్టర్డ్ రిపోర్టులు 2013 నుంచి ఊపందుకున్నాయి. 2021లో మనస్తత్వ శాస్త్రంలోని అలాంటి వ్యాసాలను మామూలు వ్యాసాలతో పోల్చి చూశారు. మామూలు వ్యాసాల్లో మొదటి పరికల్పన నెగ్గినవి 96 శాతం, రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతం. ఆ రెండు అంకెల మధ్య ఉన్న 52 శాతంలోనే మనం ఇంతకాలం ధీమాగా బోధిస్తూ వచ్చినదాంట్లో చాలా భాగం ఉంది.

మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ ప్రతిపాదనను ఆమోదించే కమిటీలు ఇప్పుడు చివర్లో అడిగే ప్రశ్నను మొదట్లో అడగాలి: మీరు పట్టించుకోదగ్గ అతి చిన్న ప్రభావం ఎంత, దాన్ని పట్టుకోవడానికి ఎంతమంది కావాలి, ఆ లెక్క ఎక్కడ? లెక్క లేని ప్రతిపాదనను వెనక్కి పంపాలి. లెక్క సరిగ్గా ఉండి, అంతమందితోనూ పని చేసి, చివరికి "ప్రభావం కనిపించలేదు" అని తేల్చిన విద్యార్థికి ఆ పట్టిక మీద ఒక్క నక్షత్రమూ లేకుండానే డిగ్రీ ఇవ్వాలి. ఈ రెండోది నియమావళిలో రాతపూర్వకంగా ఉండాలి. గైడ్ నోటిమాటగా హామీ ఇస్తే సరిపోదు, ఎందుకంటే విద్యార్థి ఆ హామీని నమ్మడు.